అరిగిన నాణెం మీద ఆనవాళ్ళు

ఒక పాత వెండి నాణెం మీ చేతికి వచ్చిందనుకోండి. దాని మీది బొమ్మ ముఖం నున్నగా అరిగిపోయింది. జుట్టు పాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వెనుకవైపు గద్ద రెక్కల మీద ఈకలు కనిపించడం లేదు. అటువంటి నాణేన్ని చూసి, "దీనికి వెండి విలువ తప్ప మరేమీ లేదు, కరిగించుకోవడమే మేలు" అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట ఎంతవరకు నిజం? సుమారు 200 ఏళ్ళ కిందట అమెరికాలో తయారైన అర డాలరు నాణేలను ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

ఏమిటీ నాణెం?

అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం 1792లో ఫిలడెల్ఫియా నగరంలో తన మొదటి టంకశాలను నెలకొల్పింది. మనం చెప్పుకుంటున్న అర డాలరు 1807 నుంచి 1836 వరకు అక్కడ తయారైంది. దాని నమూనాను రూపొందించినవాడు జర్మనీ నుంచి వలస వచ్చిన జాన్ రైక్ అనే శిల్పి.

బొమ్మ వైపు టోపీ పెట్టుకున్న ఒక స్త్రీ తల ఉంటుంది. ఆమె స్వేచ్ఛకు గుర్తు. ఆమెకు ఎడమవైపు 7, కుడివైపు 6, మొత్తం 13 నక్షత్రాలుంటాయి. కింద సంవత్సరం ఉంటుంది. బొరుసు వైపు రెక్కలు చాచిన గద్ద, దాని పైన ఒక నినాదం రాసిన పట్టీ, చుట్టూ దేశం పేరు, అడుగున విలువ ఉంటాయి. నాణెం వ్యాసం సుమారు 32.5 మిల్లీమీటర్లు. 1836 వరకు దాని బరువు 13.48 గ్రాములు. అందులో 89.24 శాతం వెండి, మిగిలినది రాగి.

ఆ కాలంలో చాలా ఏళ్ళపాటు చలామణీ కోసం డాలరు నాణేలు తయారు చేయలేదు. కనుక ఈ అర డాలరే దేశంలో తయారయ్యే పెద్ద వెండి నాణెం. బ్యాంకులు వీటిని సంచుల్లో నిల్వ చేసుకునేవి. అందువల్ల ఇవి నేటికీ చాలానే మిగిలి ఉన్నాయి.

ఏ రెండు అచ్చులూ ఒకటి కావు

నాణెం మీద బొమ్మ పడాలంటే ఉక్కు దిమ్మె మీద ఆ బొమ్మను తిరగవేసి, లోతుగా దించాలి. ఈ దిమ్మెనే అచ్చు లేదా డై అంటారు. బొమ్మ వైపుకు ఒక అచ్చు, బొరుసు వైపుకు మరొకటి కావాలి. ఈ రెండింటి మధ్య వట్టి వెండి బిళ్ళను ఉంచి గట్టిగా నొక్కితే నాణెం తయారవుతుంది. ఆ రోజుల్లో మనుషులు బరువైన చేతికర్రను తిప్పి నడిపే స్క్రూ ప్రెస్సుతో ఈ పని చేసేవారు. ఫిలడెల్ఫియాలో ఆవిరి యంత్రంతో నాణేలు కొట్టడం 1836లో గాని మొదలు కాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. స్త్రీ తలను, గద్దను ఒక పెద్ద ముద్రతో అచ్చులోకి దించేవారు. కాని నక్షత్రాలను, అంకెలను, చుట్టూ ఉండే అక్షరాలను పనివాడు ఒక్కొక్కటిగా చేత్తో కొట్టేవాడు. కొసన ఒక అక్షరమో, నక్షత్రమో చెక్కి ఉన్న ఉక్కు మేకు లాంటి పనిముట్టును అచ్చు మీద నిలబెట్టి, సుత్తితో ఒక దెబ్బ వేసేవాడు. పాత్రల దుకాణంలో గిన్నెల మీద పేరు కొట్టించినప్పుడు గమనించారా? ఒకే పేరును ఒకే మనిషి రెండు గిన్నెల మీద కొట్టినా, అక్షరాల ఎడంలో తేడా వస్తుంది. ఇక్కడ జరిగిందీ అదే. ఒక అచ్చులో సంవత్సరపు అంకెలు దగ్గరగా పడితే, మరొక అచ్చులో ఎడంగా పడ్డాయి. ఒకదానిలో నక్షత్రం కాస్త పైకి, మరొకదానిలో కిందికి జరిగింది.

కాబట్టి ప్రతి అచ్చుకూ దాని పోలిక దానికి ఉంటుంది. ఒక బొమ్మ అచ్చూ, ఒక బొరుసు అచ్చూ కలిసిన జతను ఒక 'రకం' అంటారు. ఈ అర డాలర్లలో ఇప్పటికి సుమారు 450 రకాలను గుర్తించారు. ఎం. ఎల్. బీస్ల్ 1929లో, ఆల్ ఓవర్టన్ 1967లో వీటిని వరుసగా వర్ణిస్తూ పుస్తకాలు ప్రచురించారు. ఓవర్టన్ ఇచ్చిన సంఖ్యలనే సేకర్తలు నేటికీ వాడుతున్నారు.

పొరపాట్లూ పొదుపూ

చేతి పనిలో పొరపాట్లు దొర్లక మానవు. 1807 నాటి ఒక రకంలో విలువ చోట 50 అని కొట్టడానికి బదులు పనివాడు 20 అని మొదలుపెట్టాడు. తర్వాత 2 మీదనే 5 కొట్టి సరిదిద్దాడు. 1813 నాటి ఒక రకంలో, విలువ రావలసిన చోట దేశం పేరులోని మొదటి మూడు అక్షరాలను కొట్టి, పొరపాటు గ్రహించి, వాటి మీదనే విలువను కొట్టాడు. ఆ పాత గీతలు కింద నుంచి ఇప్పటికీ తొంగిచూస్తాయి.

మంచి ఉక్కు ఖరీదైనది. అందుకని పాత సంవత్సరపు అచ్చు మిగిలిపోతే దాని మీదనే కొత్త అంకె కొట్టి వాడుకునేవారు. 1815 అని ఉన్న అర డాలర్లన్నింటిలోను చివరి 5 కింద 2 ఆనవాలు ఉంటుంది. అంటే అది 1812 కోసం చేసిన అచ్చన్నమాట. 1814 కోసం చేసిన ఒక అచ్చులో 4 మీద 7 కొట్టి 1817గా మార్చారు. ఆ అచ్చుతో వచ్చిన నాణేలు ఇంతవరకు డజనుకు అటూ ఇటుగా మాత్రమే దొరికాయి.

అరిగినా పోనిది ఏది?

నాణెం చేతులు మారుతున్నప్పుడు ముందుగా అరిగేవి ఎత్తుగా ఉన్న భాగాలు: చెంప, జుట్టు, గద్ద రెక్కలు. అరుగుదల ఎంత ఉంటుందో లెక్క వేద్దాం. ఒక నాణెం అర గ్రాము బరువు కోల్పోయిందనుకోండి. ఈ మిశ్రలోహం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 10.3 గ్రాములు. కాబట్టి పోయిన లోహం దాదాపు 48 ఘన మిల్లీమీటర్లు. నాణెపు రెండు ముఖాల వైశాల్యం కలిపితే దాదాపు 1,660 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే సగటున 0.03 మిల్లీమీటరు వస్తుంది. ఇంత పలుచని పొర పోతేనే జుట్టు పాయల వంటి సన్నని గీతలు చెరిగిపోతాయి.

కాని ఒక విషయం గుర్తుంచుకోండి. అరుగుదల ఎత్తును తగ్గిస్తుంది గాని, స్థానాన్ని మార్చదు. నక్షత్రం మొనలు మొద్దుబారినా దాని నడిబొడ్డు ఉన్నచోటనే ఉంటుంది. అందుచేత రకాన్ని గుర్తించేవారు ముఖాన్ని చూడరు, స్థానాలను చూస్తారు. మొదటి నక్షత్రం మొన ఎటు చూస్తోంది? సంవత్సరంలోని అంకెల మధ్య ఎడం ఎంత? బొరుసు వైపు పట్టీ మీది 'ఐ' అక్షరం, పైన దేశం పేరులోని 'టి' అక్షరానికి సరిగ్గా కింద ఉందా, పక్కకు జరిగిందా? ఇటువంటి నాలుగైదు ప్రశ్నలకు జవాబు దొరికితే, బాగా అరిగిన నాణెమైనా ఏ అచ్చుల జత నుంచి వచ్చిందో చాలాసార్లు చెప్పవచ్చు.

పగుళ్ళు చెప్పే వరుస

మెత్తని ఉక్కులో అక్షరాలు కొట్టాక, అచ్చును ఎర్రగా కాల్చి నీటిలో ముంచి పదును పెట్టేవారు. దానివల్ల ఉక్కు గట్టిపడుతుంది, కాని పెళుసు కూడా అవుతుంది. వేల దెబ్బలు తిన్నాక అందులో పగులు పుడుతుంది. నొక్కినప్పుడు వెండి ఆ పగులులోకి చొచ్చుకుపోతుంది. కనుక అచ్చు మీది పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. నాణెం మీద ఎవరో గీసిన గీత అయితే లోతుగా ఉంటుంది. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి.

పగులు పెరుగుతుందే గాని తనంతట తాను అతుక్కోదు. దీన్నిబట్టి ఏ నాణెం ముందు, ఏది తర్వాత అని తేల్చవచ్చు. టంకశాలలో ఏ అచ్చును ముందు, ఏ అచ్చును తర్వాత వాడారో ఇప్పుడు మనకు చెప్పేవి ఆ నాణేలే.

అరుదు అంటే ఎంత?

అమెరికా పాత సెంట్ల మీద 1949లో పుస్తకం రాసిన విలియం షెల్డన్, అరుదును 1 నుంచి 8 వరకు అంకెలతో కొలిచే పద్ధతి పెట్టాడు. అందులో 5 అంటే 31 నుంచి 75 నాణేలు, 6 అంటే 13 నుంచి 30, 7 అంటే 4 నుంచి 12, 8 అంటే ఒకటి నుంచి మూడు మాత్రమే తెలిసినవని అర్థం. అర డాలర్లకు కూడా ఈ కొలతనే వాడతారు.

ఒక అచ్చు త్వరగా పగిలిపోతే దాని నుంచి వచ్చే నాణేలు తక్కువ. కాని అవి కూడా మిగతా వాటితో కలిసి అదే సంచిలో పడతాయి. పై చూపుకు సామాన్యమైన నాణేల మధ్య అరుదైన రకం దాగి ఉండటానికి కారణం ఇదే. ప్రపంచంలో పది మాత్రమే ఉన్న రకంలో ఒకదాన్ని తెలియక కరిగిస్తే, ఆ రకపు సాక్ష్యంలో పదో వంతు నశించినట్లే.

తోమడం కూడా అంతే ప్రమాదం. చింతపండుతోనో, ముగ్గుపిండితోనో తోమితే నాణెం తళతళలాడుతుంది. కాని పైపొర పోతుంది. అరిగిన నాణెం మీద మిగిలిన సన్నని పగులు గీతా, 5 కింది 2 ఆనవాలూ దానితోనే పోతాయి. పాత నాణేన్ని ఎన్నడూ తోమవద్దు. అంచులు పట్టుకుని ఎత్తండి. మెత్తని గుడ్డ మీద ఉంచి, పక్క నుంచి వెలుతురు పడేలా తిప్పుతూ భూతద్దంతో చూడండి. ఏటవాలు వెలుతురులో ఉబ్బెత్తు గీతల నీడలు స్పష్టంగా తెలుస్తాయి.

మీరే చేసి చూడండి

మన నాణేలతోనే ఈ చూపును అలవాటు చేసుకోవచ్చు. ఇంట్లో ఉన్న రూపాయి, రెండు రూపాయల నాణేలు ఇరవై పోగు చేయండి. సంవత్సరం అంకెల కింద చూడండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో తయారైంది. వజ్రాకారపు గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఒక్కొక్క గుర్తు కింద ఎన్ని వచ్చాయో పట్టిక వేయండి. నేటి అచ్చులన్నీ ఒకే మూలం నుంచి తీసినవి కనుక అంకెల స్థానాలలో తేడా సాధారణంగా దొరకదు. కాని ఉబ్బెత్తు పగులు గీత ఎక్కడైనా ఉందేమో వెతకండి.

ఆలోచించండి

1. ఒకే బొరుసు అచ్చు రెండు వేరు వేరు బొమ్మ అచ్చులతో వాడబడింది. మొదటి జత నాణేలలో బొరుసు వైపు పగులు ఉంది. రెండో జత నాణేలలో లేదు. ఏ జత ముందుది?

2. నాణెం మీద సన్నని గీత ఒకటి లోతుగా ఉంది. అది అచ్చు పగులు అవుతుందా?

జవాబులు: 1. రెండో జత ముందుది; అప్పటికి అచ్చు ఇంకా పగలలేదు. 2. కాదు, అచ్చు పగులు నాణెం మీద ఉబ్బెత్తుగానే ఉంటుంది.