మా గూడెంలో ఫోన్ చార్జింగ్ ఎందుకు తొందరగా అయిపోతుంది?

స్మార్ట్ ఫోన్ అంటే పాటలు, ఆటలు అనుకుంటారు గానీ మా ఇంట్లో అది గొడ్డలి, పార లాంటి సామాను. పోయిన ఏడాది పత్తి అమ్మిన పైసలతో అన్న 13,000 పెట్టి కొన్నాడు. ఇంట్లో ఐదుగురం, ఫోన్ ఒక్కటే. హాస్టల్లో మనకు ఫోన్ ఉండదు కదా. నేను చూసిందంతా ఎండాకాలం సెలవుల్లో చూసిందే.

ఒక సంగతి నాకు వింత అనిపించింది. అదే ఫోన్ ఉట్నూరులో మామ ఇంటికి తీసుకపోతే చార్జింగ్ రెండు రోజులు వస్తుంది. గూడెంలో ఒక్క రోజు ఆగదు. అవ్వ ఏమో "అడవి గాలికి దిగుతది" అంటుంది. నేను నోట్‌బుక్ చివరి పేజీలో రాసి చూశాను. రాత్రి పదింటికి ఎంత శాతం ఉంది, పొద్దున ఆరింటికి ఎంత ఉంది. మధ్యలో ఎవ్వరూ ముట్టలేదు. గూడెంలో 18 శాతం దిగింది. ఉట్నూరులో 4 శాతం. మళ్లీ గూడెంలోనే విమానం బొమ్మ నొక్కి పెడితే 2 శాతమే దిగింది. అంటే గాలిది తప్పు కాదు, బ్యాటరీది కూడా కాదు.

సైన్సు సారును అడిగితే చెప్పారు. ఫోన్ రేడియో లాగ వినుడొక్కటే కాదు, టవర్‌కు తిరిగి పలకాలి. పొయ్యి కాడ కూర్చున్న మనిషితో మెల్లగ మాట్లాడతాం. వాగు అవతల మేకలు కాసేవాళ్లను పిలవాలంటే గొంతు చించుకోవాలి. ఫోన్ కూడా అంతే. 4జి ఫోన్ ఎక్కువలో ఎక్కువ 0.2 వాట్ బలంతో పంపుతుంది. టవర్ బాగా దగ్గరుంటే అందులో వెయ్యో వంతు కూడా సరిపోతుంది. ఎంత గట్టిగా పలకాలో టవరే చెబుతుంది. సిగ్నల్ మొత్తానికే పోతే ఇంకా కష్టం. టవర్ ఎక్కడుందని వెతుకుతనే ఉంటది. మనం పడుకున్నా అది పడుకోదు.

విమానం బొమ్మ నొక్కితే ఈ వెతుకుడు ఆగుతుంది. టార్చి, గడియారం పని చేస్తాయి. కానీ ఫోన్లు రావు, అది మరిచిపోవద్దు.

జూన్ మొదట్ల గాలివానకు కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. వదినకు నెలలు నిండినవి. ఫోన్లో 31 శాతం ఉంది. విమానం బొమ్మ నొక్కి బియ్యం డబ్బా మీద పెట్టాం, ఎవరినీ ముట్టనియ్యలేదు. రెండో రాత్రి నొప్పులు మొదలైనవి. అన్న, నేను గుట్ట మీదికి పోయాం. అక్కడ రెండు గీతలు వస్తాయి. 108 కి చేశాం. బండి గూడెం దాక రాదు, వాగు ఉంది. బాపు ఎడ్లబండి కట్టి వదినను రోడ్డు దాక తీసుకపోయాడు. అన్న గుట్ట మీదనే ఉండిపోయాడు, ఎందుకంటే డ్రైవర్ దారి అడగడానికి మూడు సార్లు ఫోన్ చేశాడు. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. అప్పటికి ఫోన్లో ఇంకా 22 శాతం ఉందట.

ఇప్పుడు లెక్క. మా ఫోన్ బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 5 ఆంపియర్ అవర్లు. వోల్టేజి 3.85. గుణిస్తే సుమారు 19 వాట్ అవర్లు. కరెంటు యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు. వేడికి పోయేది తీసేసినా ఒక్క యూనిట్‌తో దాదాపు 40 సార్లు చార్జింగ్ చేయవచ్చు. కరెంటు లేనప్పుడు మా ఊరి దగ్గర కొట్టాయన జనరేటర్ పెట్టి ఒక్కసారికి 10 రూపాయలు తీసుకుంటాడు. యూనిట్‌కు 400 అయినట్టు! డీజిల్ ఖర్చు ఉంటది కనుక ఆయనను ఏమీ అనను.

ఫోన్ పూర్తిగా చచ్చిపోయినాకే చార్జింగ్ పెట్టాలని అన్న అనేవాడు. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల మాట. ఇప్పటివి లిథియం అయాన్ బ్యాటరీలు. వాటికి సున్నాకు దిగుడు మంచిది కాదు. వేడి అంతకన్నా చెడ్డది. చార్జింగ్ పెట్టి దిండు కింద దాచొద్దు, ఎండల పెట్టొద్దు. బ్యాటరీ ఉబ్బి ఫోన్ వెనక మూత లేస్తే ఆ ఫోన్ ఇక వాడొద్దు, సూదితో పొడవొద్దు, అంటుకుంటది.

ఇంకొకటి. పైసలు పంపడానికే పిన్ కొట్టాలి, మనకు రావడానికి అక్కరలేదు. "పిన్ కొట్టు, పైసలు వస్తాయి" అన్నవాడు దొంగే. ఇంటికాడ అందరికీ చెప్పండి.

ఫోన్లో తెలుగు ఉంది. గోండి కోసం భాషల లిస్టు మొత్తం చూశాను, మా ఫోన్లో లేదు. మన గుంజాల గోండి లిపి 2018 లోనే యూనికోడ్‌లో చేరింది, అంటే ప్రతి అక్షరానికి కంప్యూటర్ నంబరు వచ్చింది. అయినా కీబోర్డు మాకు రాలేదు. అవ్వ మాత్రం చిన్నమ్మకు గోండిలోనే గొంతు రికార్డు చేసి పంపుతుంది. గొంతుకు కీబోర్డు ఎందుకు?

దండారికి ఇండ్లకు పోయినప్పుడు మీరు కూడా రాత్రి పదింటికి, పొద్దున ఆరింటికి శాతం రాసుకొని రండి. ఊరి పేరు, సిగ్నల్ గీతలు ఎన్ని అని కూడా రాయండి. తొమ్మిదో తరగతిలో నాకు ఇస్తే పట్టిక గీసి వచ్చే గోడ పత్రికలో పెడతాను.