చిట్టా మారినను చరిత్ర మారరాదు

మన హగరి రైతులకు పహాణీ విలువ తెలియును. కర్ణాటకమున ‘భూమి’ పథకము క్రింద చేతివ్రాత పహాణీలు కంప్యూటరున కెక్కినవి. పేరును, సర్వే నంబరును, విస్తీర్ణమును సరిచూచుకొనిన వారికే నిశ్చింత.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని చిట్టా కలదు. ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందులకు మార్చిరో అందు నమోదగును. ఈమాక్స్ అను ప్రోగ్రాము చిట్టా 2014 నవంబరులో బజార్ అను పద్ధతి నుండి గిట్ అను పద్ధతికి మారినది.

ఇట్టి మార్పును ఎట్లు పరీక్షింపవలెను? నేటి ప్రతి యొక్కటి సరిపోయిన చాలదు. మొదట, విడుదలైన ప్రతి రూపమును రెండు చిట్టాల నుండియు వెలికిదీసి ఫైలుకు ఫైలు పోల్చవలెను. రెండవది, మార్పుల సంఖ్యను, తేదీలను, వ్రాసినవారి పేర్లను సరిచూడవలెను. తేడా కనబడినచో కారణము తేల్చవలెను. గిట్ ఖాళీ ఫోల్డర్లను నమోదు చేయదు, అది తప్పు గాదు. మూడవది, పాత చిట్టాను దిద్దుటకు వీలులేకుండ భద్రపరుపవలెను.

గిట్‌లో ప్రతి మార్పు గుర్తును దాని ముందరి మార్పుపై ఆధారపడి ఏర్పడును. పాత తప్పును ఆలస్యముగా దిద్దినచో తరువాతి గుర్తులన్నియు మారిపోవును. కావున పరీక్ష ముందే జరుగవలెను.

తల్లిదండ్రులారా! మీ పిల్లల ఇంటిపేరు, జన్మతేది తెలుగు నుండి కన్నడమునకో ఇంగ్లీషునకో ఎక్కునపుడును ఇదే పద్ధతి. మూలపత్రము చేతబట్టుకొని అక్షరమక్షరము పోల్చి చూడుడు. పాత రిజిస్టరును మేము పారవేయము.