టూలు ఎత్తు కుదిరితేనే బుష్షు కుదురుతుంది

చిన్న లేత్ మిషను ఉన్నవారికి మెలకువలు

వరి పొట్ట దశకు వచ్చింది. బావి కాడ పంపు బుష్షు అరిగి షాఫ్టు కొట్టుకుంటున్నది. ఇంట్లో ఉన్న చిన్న లేత్ మీద కొత్త బుష్షు చేసుకుందామని కూర్చుంటే పని గరుకుగా వస్తుంది, కొలత నిలవదు, చివరికి టూలు మూతే విరుగుతుంది. చాలామంది వెంటనే ముక్క మంచిది కాదంటారు. ముక్కను తిట్టేముందు టూలు ఎత్తు చూడండి. బుష్షు బిగువుగా ఉంటే షాఫ్టు పట్టేస్తుంది, మోటరు కాలే ప్రమాదం ఉంది. వదులుగా ఉంటే మళ్లీ పంపు విప్పాల్సిందే. పొలానికి నీళ్లు ఆగేది అప్పుడే.

మన రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో పని తెలిసిన చేతులకు కొదవ లేదు. సింగరేణి వర్క్‌షాపుల్లో పనిచేసి దిగిపోయిన పెద్దలున్నారు, ఐటీఐలో టర్నర్ ట్రేడు చదివిన పిల్లలున్నారు. అయితే పెద్ద మిషను మీద చెల్లిన నిర్లక్ష్యం చిన్న మిషను మీద చెల్లదు. ఎందుకో చూడండి.

చిన్న జాబుకే ఎక్కువ నష్టం

టూలు మూతి, జాబు నడి సెంటరు ఒకే ఎత్తులో ఉండాలి. 100 మి.మీ. లావు జాబు మీద టూలు 1 మి.మీ. పైకి ఉంటే కోత కోణం 1 డిగ్రీకి కాస్త ఎక్కువ మారుతుంది. అదే 20 మి.మీ. జాబు మీద దాదాపు 6 డిగ్రీలు మారుతుంది. మనం టూలు కింద సానపట్టి ఇచ్చే వాలే 6 నుంచి 8 డిగ్రీలు. అదంతా పోతే టూలు కోయదు, రుద్దుతుంది. వేడెక్కి మొద్దుబారుతుంది.

టూలు కిందికి ఉంటే ఇంకో చిక్కు. జాబు టూలు మీదికి ఎక్కబోతుంది. ముక్క తెగ్గోసే పార్టింగ్ టూలు విరగడానికి ఇదొక పెద్ద కారణం.

ఎత్తు చూసే మూడు పద్ధతులు

1. టెయిల్‌స్టాక్‌లో సెంటరు పెట్టి, టూలు మూతిని దాని మొన దగ్గరికి తెచ్చి చూడండి. టెయిల్‌స్టాక్ అరిగి ఉంటే దీన్ని నమ్మవద్దు.

2. మెయిన్ స్విచ్ ఆపి, గుండ్రని జాబుకూ టూలు మూతికీ మధ్య సన్నని స్టీలు స్కేలును మెల్లగా నొక్కి పట్టండి. నిట్టనిలువుగా నిలిస్తే ఎత్తు సరి. స్కేలు పై కొస మీ వైపు వాలితే టూలు కిందికి ఉన్నట్టు. జాబు వైపు వాలితే పైకి ఉన్నట్టు. కార్బైడ్ టిప్పు పెళుసు, గట్టిగా నొక్కవద్దు.

3. అన్నిటికన్నా నమ్మకమైనది ఫేసింగ్. జాబు ముఖాన్ని నడిమి దాకా కోయండి. నడుమ బొడిపె మిగలకపోతే ఎత్తు సరి. శుభ్రంగా కోసిన బొడిపె మిగిలితే టూలు కిందికి ఉన్నట్టు. దాని లావు కొలిచి సగం చేయండి, అంత ప్యాకింగ్ వేస్తే చాలు. బొడిపె 1 మి.మీ. ఉంటే ప్యాకింగ్ అర మి.మీ. బొడిపె నలిగి తోసుకుపోతే టూలు పైకి ఉన్నట్టు.

ఏది చూసినా బోల్టులు బిగించాకే చూడండి. బిగించేటప్పుడు ఎత్తు మారుతుంది.

ప్యాకింగ్ ఎట్లా?

పాత హాక్సా బ్లేడు పనికొస్తుంది. మందం సుమారు 0.6 మి.మీ. ఉంటుంది. పళ్లు సానపట్టి తీసేయండి, లేకుంటే చదునుగా కూర్చోదు. సన్న తేడాకు డబ్బా రేకు చాలు. ప్యాకింగ్ టూలు కింద పూర్తి పొడవునా ఉండాలి. పది సన్న ముక్కలు పేర్చేకంటే ఒక మందపు పట్టీ మేలు.

హోల్డరు కొనేముందు

నాలుగు ముఖాల టూల్‌పోస్టులో టూలు కూర్చునే గద్దె నుంచి సెంటరు దాకా కొలవండి. అది 14 మి.మీ. ఉంటే 12 మి.మీ. హోల్డరు తీసుకుని 2 మి.మీ. ప్యాకింగ్ వేయవచ్చు. 16 మి.మీ.ది కొంటే డబ్బు దండగ. ఎత్తు పెంచగలం గానీ గద్దెను తగ్గించలేం గదా!

ఎత్తు తిప్పే నట్టు ఉన్న త్వరిత మార్పు టూల్‌పోస్టులో ప్యాకింగ్ బాధ లేదు. ఒక్కో టూలుకు ఒక్కో హోల్డరు ఉంచితే ఎత్తు ఒకసారి కుదిర్చితే చాలు. రోజూ పని చేసేవారికి ఇది లాభం. నెలకో బుష్షు చేసుకునేవారికి పాత పోస్టు, ప్రతి టూలుకూ దారంతో కట్టి ఉంచిన దాని ప్యాకింగ్ సరిపోతాయి.

ఏ హోల్డరైనా టూలును అవసరం మించి బయటికి చాపవద్దు. టూలు మందానికి ఒకటిన్నర రెట్లు దాటితే వణుకు మొదలవుతుంది.

బుష్షు లోపలి బోరుకు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. బోరులో టూలు కిందికి ఉంటేనే దాని మడమ గోడకు రుద్దుతుంది. పైగా బోరింగ్ బారు బరువుకు కిందికి వంగుతుంది. కనుక వెంట్రుకవాసి పైకి పెట్టుకోవడం మంచిది. గన్‌మెటల్ బుష్షయితే టూలు పైముఖం చదునుగా సానపట్టండి. వాలు ఎక్కువుంటే టూలు లోపలికి గుంజుకుంటుంది.

చివరగా ఒక మాట. మిషను తిరుగుతుండగా ఎత్తు సవరించవద్దు. చేతి గ్లౌజులు, మెడలో తువ్వాల, వేలాడే చొక్కా చేతులు పనికిరావు. చక్ కీ తీశాకే స్విచ్ వేయండి. బుష్షు పంపులో బిగించాక షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. పట్టకుండా, ఊగకుండా తిరిగితేనే మోటరు వేయండి.