నర్సు ఉద్యోగం: పనిచేసే చోటి పద్ధతులు

నర్సులను గురించి రాయబోతే సేవ, త్యాగం, తెల్లదుస్తుల దేవత అనే మాటలు కలంలోకి వాటంతటవే వస్తాయి. ఏటా మే 12న, ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజున, సభలు పెట్టి ఆ మాటలే మళ్ళీ అంటాం. ఈ వ్యాసంలో నేను వాటి జోలికి పోదలచుకోలేదు. నర్సు ఒక ఉద్యోగి. పనిచేసే చోట ఆమెకు నోరు విప్పే వీలుందా లేదా అన్నదాన్ని బట్టి ఆమె బతుకు, కొంతవరకు రోగి బతుకు కూడా నడుస్తాయి. నేను చెప్పదలచింది ఇంతే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో (మాదీ సాగర్ ఎడమకాలువ కింద ఒక పల్లె) ఇంటరు పాసయిన ఆడపిల్లలకు నర్సింగు ఒక దారి. జి.యన్.యం. మూడేళ్ళు, బి.యస్సి. నర్సింగు నాలుగేళ్ళు. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అయినా చదువు కాగానే చాలామంది చేరేది చిన్న నర్సింగ్‌హోముల్లోనే.

మా పెద్దమ్మ కూతురు అట్లాంటి ఒకచోట రెండేళ్ళు చేసింది. ఊరూ పేరూ చెప్పను. రాత్రి డ్యూటీ 12 గంటలు. పని ఎక్కువని ఆమె ఏనాడూ అనలేదు; నాట్లకాలంలో నడుము వంచిన మనిషి. ఆమె గోస వేరు.

"తమ్మీ, రాత్రి రెండు గంటలకు పేషెంటుకు బీపీ పడిపోతది. సారును లేపితే తిడ్తడు. లేపకుంటే పొద్దుగాల, ఎందుకు లేపలేదని తిడ్తడు" అంది.

ఇట్లాంటి చోట మందు డోసులో పొరపాటు జరిగితే ఏ సిస్టర్ చెబుతుంది? తిట్లతోపాటు జీతంలో కోత కూడా ఉన్నప్పుడు దాచుకుంటుంది. దాచిన పొరపాటు ఇంకొకరి చేతిలో మళ్ళీ జరుగుతుంది. మా నాట్ల ముఠా ఇంతకన్నా నయం. ఒకామెకు ఒంట్లో బాగుండకపోతే పక్కవాళ్ళు ఆమె మునుము కూడా కలుపుకొని పోతారు.

సైన్సు విద్యార్థులం కనుక అంకెలు కూడా చూద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందం 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, ఆపరేషనైన రోగి 30 రోజుల్లోపల చనిపోయే అవకాశం 7 శాతం, నర్సుకు 'బర్నౌట్' వచ్చే అవకాశం 23 శాతం ఎక్కువగా కనబడ్డాయి. బర్నౌట్ అంటే వట్టి అలసట కాదు. దాన్ని కొలిచే పద్ధతిని క్రిస్టినా మాస్లాక్ మరొకరితో కలిసి 1981లో ప్రకటించింది. అందులో మూడు లక్షణాలున్నాయి: మనసు ఎండిపోవటం, ఎదుటివాణ్ణి మనిషిగా గాక మంచం నంబరుగా చూడటం, నేను చేసేదానివల్ల ఏమీ కాదనిపించటం. "ఆ నర్సమ్మ ఊకె కసురుకుంటది" అని మన ఊళ్ళలో అంటుంటారు. ఆ కసురులో ఆమె స్వభావం ఎంత, ఆ రెండో లక్షణం ఎంత అని నాకు అనుమానం.

నర్సులు దొరకని కాలంలో కూడా కొన్ని ఆస్పత్రులను వాళ్ళు విడిచిపోలేదు. అమెరికాలోనే 1983లో అట్లాంటి 41 ఆస్పత్రులను గుర్తించి, వాటికి 'అయస్కాంత ఆస్పత్రులు' అని పేరు పెట్టారు. వార్డు నిర్ణయాల్లో నర్సు మాటకు విలువ ఉండటం అక్కడ ముఖ్యంగా కనబడింది.

మరి జీతం సంగతి? 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించగా కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలకు లోపున్న ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని చెప్పింది. అది సిఫారసు. అమలు చేయవలసింది రాష్ట్రాలు. మా అక్క మొదటి జీతం అందులో సగమైనా లేదు.

అయినా ఆమె అక్కడ మానేసింది జీతం కోసం కాదు. ఇప్పుడు చేసేచోట వెయ్యి రూపాయలు ఇంకా తక్కువే. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు సిస్టర్లూ ప్రతి మంచం దగ్గరా నిలబడి కేసు అప్పజెప్పుకుంటారు. ఏ వేళనైనా ఫోన్ చేయమని డాక్టరమ్మ తన నంబరు తానే రాసి టేబుల్ పైన గోడకు అంటించింది. అక్క అక్కడ చేరి మూడో ఏడు నడుస్తున్నది.