సీటు దగ్గర మొదలుపెట్టు

చి. అమ్మలూకి,

నువ్వు పంపిన బాల్ వాల్వు డ్రాయింగు చూశాను. బంతి కొలతలు, రంధ్రం, టాలరెన్సులు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘టెఫ్లాన్’ అని రాసి ఊరుకున్నావు. ఈ వాల్వు ప్రాణమంతా అక్కడే ఉందమ్మా. 1938లో డ్యూపాంట్‌లో రాయ్ ప్లంకెట్‌కు ఆ పదార్థం దొరికి, దాని రింగులు సీట్లుగా వచ్చాకే బాల్ వాల్వు చుక్క కారకుండా ఆపడం సులువైంది.

మీది ఫ్లోటింగ్ బాల్. బంతికి ఇరుసు లేదు. లైన్లో ఒత్తిడే దాన్ని అవతలి సీటుకేసి నొక్కుతుంది. సీటు వ్యాసం 10 సెంటీమీటర్లు, ఒత్తిడి 20 బార్లు అనుకో, దాదాపు 1,600 కిలోల బరువు ఆ మెత్తటి రింగు మీద పడుతుంది. టెఫ్లాన్ వేడి తగలకపోయినా బరువుకు మెల్లగా సాగి ఆకారం తప్పుతుంది. సైజూ ఒత్తిడీ ఇంకా పెరిగితే ట్రనియన్ పద్ధతికి వెళ్లక తప్పదు. అప్పుడు బరువు ఇరుసులు మోస్తాయి, స్ప్రింగులు సీటును బంతికి ఆనిస్తాయి.

నాకు దిగులు పుట్టించింది వేరే ఉంది. వాల్వు మూసినప్పుడు బంతి రంధ్రంలో, బాడీ ఖాళీలో కొంత ద్రవం చిక్కుకుపోతుంది. మీది లిక్విడ్ క్లోరిన్ లైను. ఎండకు ఆ చిక్కిన ద్రవం వేడెక్కితే వ్యాకోచించడానికి చోటుండదు. ఒత్తిడి ఎగబాకి సీటునో బాడీనో పగలగొడుతుంది. అందుకే క్లోరిన్ వాల్వుల్లో, మూసినప్పుడు ఇన్‌లెట్ వైపు ఉండే బంతి ముఖానికి చిన్న బెజ్జం వేస్తారు. చిక్కిన ఒత్తిడి వచ్చిన దారినే పోతుంది. నీ డ్రాయింగులో ఆ బెజ్జం లేదు. వేశాక వాల్వు ఒక్క వైపే ఆపుతుంది కాబట్టి బాణం గుర్తు బాడీ పోతలోనే వచ్చేలా చూడు. పెయింటుతో వేస్తే చెరిగిపోతుంది, ఫిట్టరు తిరగేసి బిగిస్తాడు.

స్టెమ్ లోపలి నుంచి ఎక్కేలా, అడుగున భుజం ఉండేలా గీశావు. చాలా సంతోషం. గ్లాండు విప్పినా అది ఎగిరి మనిషి మీదికి రాదు.

సగం తెరిచి ఫ్లో తగ్గించుకుంటామని మీ ప్రాసెస్ వాళ్లు అడుగుతున్నారన్నావు. ఒప్పుకోకు. ధార సీటు అంచును కోసేస్తుంది, ఆ తర్వాత పూర్తిగా మూసినా కారుతుంది. కంట్రోల్ కావాలంటే వి-నాచ్ బాల్ వాల్వు విడిగా పెట్టుకోమను.

సీటు క్రాస్ సెక్షను పెద్ద స్కేలులో గీసి, బెజ్జం ఏ వైపో చూపించి మళ్లీ పంపు. వచ్చిన రోజే చూస్తాను.

ఇట్లు,
నీ బాబాయి