చుక్క మందు, చెంచా విషం

కూర్మన్నపాలెం. స్టీలు ప్లాంటుకు దగ్గరలో ఒక వీధి. ఆ వీధిలో ఒక చిన్న ఇల్లు. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల ఆరో తరగతి. చిన్నవాడికి రెండేళ్లు. కొడుకుకు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఆ వారం అతనికి రాత్రి డ్యూటీ.

కోడలు సాయంత్రం పూట చదువుల కేంద్రానికి వెళ్తోంది. ఇప్పుడామెకు తెలుగు అక్షరాలు వచ్చాయి. కూడబలుక్కుని చదువుతుంది. తన పేరు రాస్తుంది. అంకెలు గుర్తు పడుతుంది.

ఒక రాత్రి అత్త మంచం మీద లేచి కూర్చుంది. చెంప పట్టుకుని మూలుగుతోంది.

"ఏటత్తా, నిద్ర పట్టలేదా?" అంది కోడలు.

"ఎలా పడుతుందే? పన్ను సలిపేస్తోంది. దవడంతా లాగేస్తోంది."

మందుల షాపులో కొన్న లవంగ నూనె సీసా ఇంట్లో ఉంది. కోడలు చిన్న దూది ఉండ చేసింది. రెండు చుక్కల నూనె వేసి నొప్పి పన్ను మీద పెట్టింది. కాసేపటికి పోటు తగ్గింది.

"అమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది" అంది అత్త.

అంతలో చిన్నవాడు దగ్గాడు. సాయంత్రం నుంచి వాడికి జలుబు.

"పిల్లడికి కూడా ఆ నూనె పట్టవే. ఒక చెంచా తేనెలో కలిపి పట్టు. దగ్గు కట్టేస్తుంది" అంది అత్త.

కోడలు చెంచా తీసింది. సీసా వంచబోయి ఆగింది. సీసా మీద ఎర్రటి అక్షరాలు ఉన్నాయి. అవి తెలుగు కావు. ఎర్ర రంగులో రాశారంటే ఏదో ముఖ్యమైన మాటే అయి ఉంటుంది అనుకుంది. కూతుర్ని లేపింది.

కూతురు కళ్లు నులుముకుంటూ చదివింది. "పైపూతకు మాత్రమే అని ఉందమ్మా. పిల్లలకు అందకుండా పెట్టాలట."

"లవంగమే కదే! కూరల్లో వేసుకోడం లేదా? దానికింత రాద్ధాంతమా?" అంది అత్త.

"పొద్దున్న నర్సమ్మ వస్తుందత్తా. అడిగాక పడదాం" అంది కోడలు. సీసాకు మూత బిగించింది. పిల్లవాడికి నూనె పట్టలేదు.

ఆ రాత్రి ఆమె ఆగడమే మంచిదయింది. ఎందుకో తెలుసుకుందాం.

లవంగం అంటే ఏమిటి?

మర్నాడు నర్సమ్మ వచ్చింది. కోడలు రాత్రి సంగతి చెప్పింది. నర్సమ్మ సీసా చేతిలోకి తీసుకుంది.

"మామ్మా, లవంగం కాయా? గింజా?" అని అడిగింది.

"గింజే కదమ్మా" అంది అత్త.

"కాదు మామ్మా. అది పువ్వు మొగ్గ."

లవంగం చెట్టు ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. మొగ్గలు ఎర్రబారుతున్నప్పుడు, ఇంకా విచ్చకముందే, చేత్తో కోస్తారు. ఎండలో ఎండబెడతారు. అవి ముదురు గోధుమ రంగుకు మారతాయి. అవే మన పోపుల పెట్టెలోని లవంగాలు.

ఈ చెట్టు సొంత ఊరు ఇండోనేషియా దేశంలోని మలుకు దీవులు. వేడి, వాన రెండూ బాగా ఉన్న చోట ఇది పెరుగుతుంది. మన దేశంలో తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లోని కొండ ప్రాంతాల్లో పండిస్తున్నారు.

మన తీరానికి, లవంగానికి పాత సంబంధం ఉంది. విశాఖపట్నం దగ్గరి భీమునిపట్నంలో డచ్చివాళ్ల పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో మన తీరానికి వ్యాపారం కోసం వచ్చారు. మన నేతగాళ్లు నేసిన బట్టలు కొన్నారు. ఆ బట్టలను ఓడల మీద తూర్పు దీవులకు తీసుకెళ్లారు. అక్కడ బట్టలు ఇచ్చి లవంగాలు, జాజికాయలు తీసుకున్నారు. ఆ రోజుల్లో లవంగం కోసం దేశాలు యుద్ధాలు కూడా చేశాయి.

ఆ ఘాటు ఎక్కడిది?

లవంగం మొగ్గలను ఆవిరి మీద ఉడికిస్తారు. మొగ్గల్లోని నూనె ఆవిరితో పాటు బయటికి వస్తుంది. ఆవిరిని చల్లారిస్తే నీళ్లు వేరు, నూనె వేరు అవుతాయి. అదే లవంగ నూనె.

ఈ నూనెలో ముఖ్యమైన పదార్థం పేరు యూజినాల్. లవంగానికి ఆ వాసన, ఆ కారం, ఆ మంట దాని వల్లే వస్తాయి. నూనెలో నూటికి 70 నుంచి 90 పాళ్లు ఇదే ఉంటుంది. తులసి ఆకులో, దాల్చినచెక్క చెట్టు ఆకులో కూడా యూజినాల్ ఉంది. అందుకే తులసి ఆకు నలిపితే కొంచెం లవంగం వాసన వస్తుంది.

యూజినాల్ గుణాలు ఇవి:

రంగు లేకుండా గానీ, లేత పసుపు రంగులో గానీ ఉంటుంది. గాలి తగిలితే ముదురు రంగుకు మారుతుంది.

నీళ్లలో సరిగా కలవదు. వంట నూనెలో బాగా కలుస్తుంది.

నీళ్ల కంటే బరువైనది. కొబ్బరి నూనె చుక్క నీళ్ల మీద తేలుతుంది. యూజినాల్ చుక్క మునుగుతుంది.

కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. అందుకే దీన్ని రంగు గాజు సీసాలో పోసి అమ్ముతారు. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చకూడదు.

మంట అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టకూడదు.

దీనితో ఉపయోగాలు

యూజినాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. అప్పుడు నొప్పి తెలియదు. కొన్ని రకాల సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. పళ్ల డాక్టర్లు యూజినాల్‌ను జింకు ఆక్సైడు అనే తెల్ల పొడితో కలిపి ముద్ద చేస్తారు. పంటి గుంతను తాత్కాలికంగా పూడ్చడానికి దాన్ని వాడతారు. కొన్ని పళ్ల పొడుల్లో, పేస్టుల్లో, సబ్బుల్లో, సెంట్లలో కూడా యూజినాల్ ఉంటుంది.

"అయితే నా పన్ను బాగయిపోయినట్టే కదమ్మా?" అంది అత్త.

"లేదు మామ్మా. నొప్పి ఆగింది. పుచ్చు ఆగలేదు. ఇల్లు తగలబడుతుంటే పొగ కనబడకుండా కళ్లు మూసుకున్నట్టు. ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. ఆలస్యం చేస్తే చీము దవడకు పాకుతుంది" అంది నర్సమ్మ.

చుక్కకు, చెంచాకు ఎంత తేడా?

"రాత్రి పిల్లడికి చెంచాడు పట్టమన్నాను. పడితే ఏటయ్యేది?" అని అత్త భయంగా అడిగింది.

నర్సమ్మ పలక తెప్పించింది. లెక్క వేసి చూపించింది.

100 గ్రాముల లవంగాల్లో సుమారు 15 నుంచి 20 గ్రాముల నూనె ఉంటుంది. ఒక టీ చెంచా నూనె సుమారు 5 గ్రాములు. అంటే ఒక్క చెంచా నూనె తీయడానికి 25 గ్రాముల కంటే ఎక్కువ లవంగాలు కావాలి. అది గుప్పెడు. కూరలో నాలుగు లవంగాలు వేస్తాం. అది ఇంటిల్లిపాదీ తింటాం. గుప్పెడు లవంగాల సారం ఒక్క పసివాడి కడుపులో పోస్తే ఎలా?

నర్సమ్మ ఇంకో లెక్క వేసింది. మనిషి రోజుకు ఎంత యూజినాల్ తింటే హాని లేదో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు చెప్పారు. కిలో బరువుకు రెండున్నర మిల్లీగ్రాముల వరకు పరవాలేదు. పిల్లవాడి బరువు 10 కిలోలు. అంటే వాడికి హద్దు 25 మిల్లీగ్రాములు. ఒక చెంచా లవంగ నూనెలో సుమారు 4,000 మిల్లీగ్రాముల యూజినాల్ ఉంటుంది.

4,000ను 25తో భాగిస్తే 160. హద్దుకు 160 రెట్లు! నూనె ఒక్క చుక్క మింగినా ఆ హద్దు దాటుతుంది.

ఇది ఉత్త లెక్క కాదు. ఇలా జరిగింది కూడా. రెండేళ్ల పిల్లవాడు ఒకడు ఒకటి, రెండు చెంచాల లవంగ నూనె తాగేశాడు. వాడికి స్పృహ పోయింది. మూర్ఛ వచ్చింది. కాలేయం దెబ్బతింది. రక్తం గడ్డకట్టే గుణం పాడయింది. ఆసుపత్రిలో పెద్ద వైద్యం చేస్తే గానీ బతకలేదు. 1993లో బ్రిటన్‌లోని ఒక వైద్య పత్రికలో డాక్టర్లు ఈ సంగతి రాశారు.

అత్త మాట్లాడలేదు. మనవడిని దగ్గరకు లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"దగ్గుకు మరేం చేయాలి నర్సమ్మా?" అని కోడలు అడిగింది.

"గోరువెచ్చని నీళ్లు పట్టు. వీడికి రెండేళ్లు నిండాయి కాబట్టి కాస్త తేనె ఒక్కటే నాకించవచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడా పెట్టకూడదు. ఊపిరి వేగంగా తీసుకున్నా, డొక్కలు ఎగరేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకురా."

జాగ్రత్తలు

1. లవంగ నూనె తాగకూడదు. ఎవరికీ తాగించకూడదు.

2. పెద్దవాళ్లు పంటి నొప్పికి వాడితే ఒకటి, రెండు చుక్కలు చాలు. వాటిని చెంచా కొబ్బరి నూనెలో కలిపి దూదితో పంటికే అద్దాలి. చిగుళ్లకు, నాలుకకు తగలనివ్వకూడదు. కొద్ది నిమిషాల తరువాత దూది తీసేయాలి.

3. రోజూ వాడకూడదు. చిగుళ్లు కాలి పుండు పడతాయి.

4. పళ్లు వచ్చే పసిబిడ్డల చిగుళ్లకు రాయకూడదు.

5. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా వాడకూడదు. రక్తం పల్చబడే మందులు వేసుకునేవాళ్లు కూడా అడగాలి.

6. కొందరి చర్మానికి యూజినాల్ పడదు. దద్దుర్లు, దురద వస్తాయి. అలా వస్తే సబ్బు నీళ్లతో కడిగి, వాడకం మానాలి. ఐరోపా దేశాల్లో సబ్బు, సెంటుల్లో యూజినాల్ కొంత మోతాదు దాటితే ఆ పేరు పైన ముద్రించాలని చట్టం ఉంది. పడనివాళ్లు చదివి తప్పుకోవడానికే ఆ ఏర్పాటు.

7. కంట్లో పడితే నలపకూడదు. పావుగంట సేపు మంచినీళ్లతో కడిగి డాక్టరుకు చూపించాలి.

పిల్లలు తాగేస్తే?

వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు పట్టకూడదు. వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. నోరు తడిగుడ్డతో తుడవాలి. పిల్లవాడు మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రికి సీసా కూడా పట్టుకెళ్లాలి. ఏం తాగాడో, ఎంత తాగాడో సీసా చూస్తే డాక్టరుకు తెలుస్తుంది. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచకూడదు.

లవంగాలు కొనేటప్పుడు

కొందరు వ్యాపారులు నూనె తీసేసిన లవంగాలను మంచివాటిలో కలిపి అమ్ముతారు. గ్లాసు నీళ్లలో నాలుగు లవంగాలు వేసి చూడండి. మంచి లవంగాలు మునుగుతాయి. నూనె తీసేసినవి తేలుతాయి. మంచి లవంగాన్ని గోటితో నొక్కితే నూనె చెమ్మ కనిపిస్తుంది. లవంగాలను గట్టి మూత ఉన్న సీసాలో పెట్టాలి. పొడి కొట్టి ఉంచితే వాసన త్వరగా పోతుంది.

కోడలు రాసిన చీటీ

రెండు రోజుల తరువాత కోడలు అత్తను విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. పన్ను లోపలి దాకా పుచ్చిపోయింది. డాక్టరు దాన్ని తీసేశారు. వాపుకు మందులు రాశారు.

ఇంటికి వచ్చాక కోడలు ఒక తెల్ల కాగితం ముక్క తీసుకుంది. కూతురి పెన్ను అడిగింది. నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ రాసింది.

"ఏటి రాస్తున్నావే?" అంది అత్త.

కోడలు వేలు పెట్టి చదివింది. "లవంగ నూనె. తాగరాదు. పిల్లలకు అందరాదు."

కాగితాన్ని జిగురుతో సీసాకు అంటించింది. సీసాను అటక మీద, తాళం ఉన్న పెట్టెలో పెట్టింది.

అత్త కాసేపు ఆ పెట్టె వైపు చూసింది. తరువాత లేచి, మూల ఉన్న ఫినాయిలు సీసా తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"దీనికీ ఒకటి రాయి" అంది.

ప్రశ్నలు

1. లవంగం చెట్టులో ఏ భాగం?

2. లవంగ నూనెలో ముఖ్యమైన పదార్థం ఏది?

3. పన్ను నొప్పి తగ్గినా ఆసుపత్రికి ఎందుకు వెళ్లాలి?

4. పిల్లలు నూనె తాగితే ఏం చేయాలి? ఏం చేయకూడదు?

5. పిల్లవాడి బరువు 12 కిలోలు. కిలోకు రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున వాడికి యూజినాల్ హద్దు ఎంత? లెక్క కట్టండి.

మీరు చేయండి

మీ ఇంట్లో తాగకూడని సీసాలు ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టండి. ఒక్కొక్క దానికి తెలుగులో చీటీ రాసి అంటించండి. కేంద్రంలో మిగతావాళ్లకు చదివి వినిపించండి.