స్పర్ధయు వైరమును

క్రీడలలో స్పర్ధ సహజము. స్పర్ధ లేని ఆట ఉప్పు లేని కూర వంటిది. కాని ఉప్పు మితిమీరినచో ఆ కూరను నోట పెట్టలేము గదా! రెండు జట్ల నడుమ స్పర్ధ ఎట్లు పుట్టును? ఎట్లు పెరుగును? ఎప్పుడది వైరముగా మారును? ఈ ప్రశ్నలకు కెనడా దేశపు హాకీ చరిత్ర చక్కని సమాధానము నిచ్చుచున్నది.

మన దేశమున హాకీ యనగా మైదానమున బంతితో ఆడు ఆట. కెనడాలో చలి మిక్కుటము. శీతకాలమున చెరువులు గడ్డకట్టి పోవును. కావున అచ్చటివారు మంచుగడ్డపై హాకీ ఆడుదురు. ఆటగాండ్రు అడుగున ఉక్కు అలుగులు గల స్కేట్లు తొడిగికొని జారుచు, బంతికి మారుగా గట్టి రబ్బరు బిళ్లను కర్రలతో కొట్టుదురు. ఒక్కొక్క పక్షమున గోల్ కీపరుతో గూడ ఆరుగురు ఆడుదురు. ఇందు వేగము హెచ్చు. నియమములకు లోబడి ఒకరినొకరు ఢీకొనుట గూడ కలదు. కనుక కోపములు త్వరగా రగులుకొనును.

1917లో మాంట్రియల్ నగరమున నేషనల్ హాకీ లీగ్ అను సంఘము ఏర్పడెను. జీతము పుచ్చుకొని ఆడు క్రీడాకారుల జట్లు ఇందు పోటీపడును. అంతిమ విజేతకు లభించు బహుమానము స్టాన్లీ కప్. 1942 నుండి 1967 వరకు ఈ లీగులో ఆరు జట్లు మాత్రమే యుండెను: కెనడాలోని మాంట్రియల్, టొరాంటో, అమెరికాలోని బోస్టన్, డెట్రాయిట్, చికాగో, న్యూయార్క్. 1949 తరువాత ఒక్కొక్క జట్టు ఏటా 70 ఆటలు, అనగా ప్రతి ప్రత్యర్థితోను 14 ఆటలు ఆడెడిది. శనివారము ఒక ఊరిలో ఆడి, ఆ రాత్రియే రైలెక్కి, ఆదివారము రెండవ ఊరిలో ఆ ప్రత్యర్థితోనే మరల తలపడుటయు కలదు. ఒక్కొక్కప్పుడు రెండు జట్లును ఒకే రైలులో పయనించెడివి. శనివారము తగిలిన గాయము మానకముందే, కొట్టినవాడు ఆదివారము ఎదుట నిలిచెడివాడు. స్పర్ధకు మొదటి కారణ మిదియే: మాటిమాటికి ఎదురుపడుట.

ఈ మాటకు నిదర్శనము కలదు. మాంట్రియల్, టొరాంటో జట్ల స్పర్ధ మిగుల ప్రసిద్ధము. 1967లో టొరాంటో జట్టు మాంట్రియల్‌ను ఓడించి స్టాన్లీ కప్ గెలుచుకొనెను. ఆ తరువాత లీగులో జట్లు పెరిగినవి. 1981 నుండి 1998 వరకు ఈ రెండు జట్లును వేర్వేరు విభాగములలో నుండుటచే వాని ముఖాముఖి ఆటలు తగ్గినవి. స్టాన్లీ కప్ పోటీలలో 1979 తరువాత అవి మరల తలపడినది 2021లోనే! చూడక చూడక యుండగా వెనుకటి వేడి చల్లారెను.

రెండవ కారణము ఇంతకంటె లోతైనది. అభిమానులు తమ జట్టులో తమ్మునే చూచుకొందురు. మాంట్రియల్ నగరమున ఫ్రెంచి భాష మాట్లాడువారే అధికులు. అయినను ఆ కాలమున పెద్ద వ్యాపారములు, ఉన్నతోద్యోగములు చాలవరకు ఇంగ్లీషువారి చేతిలో నుండెను. అట్టి సమయమున మోరిస్ రిషార్ అను ఫ్రెంచి యువకుడు మాంట్రియల్ జట్టులో వెలసెను. అతడు రైల్వే కార్మికుని కుమారుడు. 1944-45లో 50 ఆటలలో 50 గోళ్లు కొట్టి కీర్తి గాంచెను. అతడు గోల్ కొట్టినపుడెల్ల ఫ్రెంచివారు తామే గెలిచినట్లు పొంగిపోయిరి.

1955 మార్చి 13వ తేదీన బోస్టన్‌లో జరిగిన ఆటలో ప్రత్యర్థి కర్ర తగిలి రిషార్ తలకు గాయమయ్యెను. అతడు కోపము పట్టజాలక ఆ ఆటగానిని కర్రతో మోదెను. అడ్డువచ్చిన ఆటయధికారిని సైతము కొట్టెను. లీగు అధ్యక్షుడు క్లారెన్స్ కాంప్బెల్ అతనిని ఆ యేటి మిగిలిన ఆటలన్నిటి నుండి బహిష్కరించెను. తప్పునకు శిక్ష తగినదే యని కొందరనిరి. ఇంగ్లీషువాడగుటచే అధ్యక్షుడు ఫ్రెంచివానిని అణచుచున్నాడని మాంట్రియల్ జనులు తలచిరి. మార్చి 17న డెట్రాయిట్ జట్టుతో ఆట జరుగుచుండగా కాంప్బెల్ ప్రేక్షకులలో వచ్చి కూర్చుండెను. జనులు అతనిపై వస్తువులు విసరిరి. ఎవరో బాష్పవాయువు గుండు పేల్చిరి. ఆట ఆగిపోయి, విజయము డెట్రాయిట్‌కు దక్కెను. జనులు వీధులలో పడి అద్దములు పగులగొట్టి, అంగళ్లు దోచిరి. నష్టపడినది ఎవరు? తమ నగరమే గదా!

మరునాడు రిషార్ రేడియోలో మాట్లాడెను. తాను శిక్షను అంగీకరించుచున్నాననియు, మరుసటి యేడు తిరిగి వచ్చి కప్ గెలుచుటకు తోడ్పడుదుననియు, అందరును శాంతింపవలెననియు వేడుకొనెను. అల్లరి అణగెను. అతడు మాట నిలుపుకొనెను. 1956 నుండి 1960 వరకు వరుసగా అయిదేండ్లు మాంట్రియల్ జట్టే కప్ గెలిచెను. తొందరపడి కర్ర ఎత్తినవాడే ధైర్యముతో కోపమును దించుమనుట గమనింపదగినది. కాని గ్రుడ్డి అభిమానము అంతలో పోలేదు. ఆ యేడు పాయింట్లలో రిషార్‌ను ఒక్క పాయింటుతో మించినవాడు తన జట్టువాడే యగు బెర్నీ జెఫ్రియన్. మాంట్రియల్ జనులు ఆ స్వజనుని సైతము గేలిచేసిరి!

మూడవ కారణము సామీప్యము. 1979లో క్విబెక్ నగరపు జట్టు లీగులో చేరెను. మాంట్రియల్, క్విబెక్ ఒకే రాష్ట్రములోనివి. ఉభయత్ర ఫ్రెంచి వారే అధికులు. అప్పటి ఈ జట్ల యజమానులు ఇరువురును బీరు తయారుచేయు పోటీ కంపెనీలవారు! ఒకే కుటుంబములో అన్న యొక పక్షము, తమ్ముడొక పక్షము. 1984 ఏప్రిల్ 20న జరిగిన ఆటలో ఇరుపక్షములవారును రెండు పర్యాయములు ముష్టియుద్ధమునకు దిగిరి. ఒక ఆటగాడు దెబ్బతిని స్పృహ కోల్పోయెను.

అటు పిమ్మట ఏమయ్యెను? 1995లో క్విబెక్ జట్టు అమ్ముడుపోయి అమెరికాలోని డెన్వర్ నగరమునకు తరలిపోయెను. మరుసటి యేడే అచ్చట స్టాన్లీ కప్ గెలిచెను. 2015లో క్విబెక్‌లో క్రొత్త క్రీడాభవనము తెరువబడినను, ఆ లీగు జట్టు మాత్రము తిరిగి రాలేదు. క్విబెక్ వారికి జట్టు పోయెను. మాంట్రియల్ వారికి ఇరుగుపొరుగు పోటీ పోయెను. ఎదిరి లేనిదే ఆట లేదని అప్పుడు తేటపడెను.

విద్యార్థులారా! మీ పాఠశాల జట్టు గెలువవలెనని మీరు కేకలు వేయుట తప్పు కాదు. కాని ఎదుటి జట్టు మీ శత్రువు కాదు. మీ ఆటలో సగము. ఈల మ్రోగి ఆట ముగిసిన వెంటనే చేయి కలుపగలిగినచో అది స్పర్ధ. రాయి పట్టినచో అది వైరము. స్పర్ధ బలమును పెంచును. వైరము ఆటనే చెరచును.

ప్రశ్నలు

1. జట్ల నడుమ స్పర్ధ పెరుగుటకు ఈ పాఠమున చెప్పబడిన మూడు కారణములు ఏవి?
2. 1955 మార్చి 17న మాంట్రియల్‌లో జరిగిన అల్లరిని మీ మాటలలో వర్ణింపుడు.
3. రిషార్ రేడియోలో మాట్లాడకున్నచో ఏమి జరిగియుండును? ఊహించి వ్రాయుడు.
4. “ఎదుటి జట్టు మన ఆటలో సగము” - ఈ వాక్యమును క్విబెక్ జట్టు కథతో సమర్థింపుడు.